ఒంటికి ఎర్రగా వస్తే ‘వేడి’ అని వదిలేయొద్దు



మొన్న మా మండలం యువజన సమావేశంలో నేను మాట్లాడిన మాటలివి. వాన వల్ల కొండ మీద ఊళ్ల వాళ్లు చాలామంది రాలేకపోయారు. అందుకే రాసి పెడుతున్నాను. చదివి, చదవడం రాని పెద్దవాళ్లకి మీ ఇంటి భాషలో చెప్పండి.

మనం ఎప్పుడూ భూమి గురించి, అడవి గురించి, పట్టాల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు మూత్రం గురించి మాట్లాడతాను. సమావేశంలో ఈ మాట అనగానే వెనక కూర్చున్న తమ్ముళ్లు నవ్వారు. నవ్వండి, పర్లేదు. ఆ నవ్వు, ఆ సిగ్గు వల్లే మా మామ చనిపోయాడు. ఆ సంగతి ముందు చెప్తాను.

మా అమ్మకి అన్న ఆయన. కాఫీ తోట, కొంచెం పసుపు, పోడు మీద చోళ్లు. పొద్దున లేచింది మొదలు నోట్లో చుట్ట ఉండాల్సిందే. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, ఇటుకల పండగకి ఇంటికొచ్చాను. మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. ‘మీ మామకి ఒంటికి ఎర్రగా వస్తందంట. నొప్పేటీ లేదంట. నాతో కూడా రెండు రోజులకి గాని చెప్పలేదు. నువ్వు చదువుకున్నదానివి కదా, ఏటైఉంటాదో చెప్పు.’

నేను బీఎస్సీ, జువాలజీ. మూత్రపిండం బొమ్మ గీసి భాగాలు రాస్తే మార్కులు వచ్చేవి నాకు. ఆ చదువుతో నేనేం చెప్పానో తెలుసా? ‘ఎండలో పసుపు తవ్వాడు కదత్తా, వేడి చేసుంటాది. మజ్జిగ ఇవ్వు, సగ్గుబియ్యం జావ ఇవ్వు.’

మూడు రోజుల్లో ఎరుపు ఆగిపోయింది. నా వైద్యం పనిచేసిందని అందరం అనుకున్నాం.

నాట్లప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి సంతలో ఒక డాక్టరు కాని డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆగింది. కాఫీ పళ్లు కోసే రోజుల్లో మూడోసారి వచ్చింది. మళ్లీ ఇంజెక్షన్, మళ్లీ ఆగింది. ఆ తర్వాతి వానాకాలం ఒక రాత్రి మామకి ఒంటికి రావడమే ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. రక్తం గడ్డలు దారికి అడ్డం పడ్డాయి. రోడ్డు దాకా డోలీ కట్టి మోశారు మా ఊరి కుర్రాళ్లు. అక్కడి నుంచి అంబులెన్సు, పాడేరు, తర్వాత విశాఖపట్నం. అక్కడ పరీక్ష చేసి చెప్పారు: మూత్రాశయం క్యాన్సర్, లోపలి కండ దాటి బయటికి పాకింది. ఆ ఏడాది తిరగకుండానే మామ పోయాడు.

పెద్ద డాక్టరుగారు మమ్మల్ని తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. ‘మొదటిసారి ఎరుపు ఎప్పుడు కనపడింది?’ మా అత్త నా వైపు చూసింది. పదహారు నెలల కింద. ఆ పదహారు నెలల్లో మొదటి మజ్జిగ గ్లాసు నా సలహా.

అందుకే ఈ మాటలు మీకు చెప్పే బాధ్యత నాది.

ముందు, ఈ జబ్బు ఏంటో తెలుసుకుందాం. మూత్రపిండాలు రక్తాన్ని వడకడతాయి. ఆ నీళ్లు పొత్తికడుపులో ఉన్న ఒక సంచిలోకి చేరతాయి. అదే మూత్రాశయం. ఆ సంచి లోపలి పొర మీద పుట్టే క్యాన్సరే ఎక్కువ. వానాకాలం కుళ్లిన మొద్దు మీద పుట్టగొడుగులు లేస్తాయి చూడండి, చాలామందిలో మొదట అలాగే లేస్తుంది. సన్నటి కాడ, మెత్తటి తల, అందులో వెంట్రుకల్లాంటి రక్తనాళాలు. అవి ఊరికే చిట్లుతాయి. చిట్లినప్పుడు రక్తం మూత్రంలో కలుస్తుంది. గాటు మూసుకోగానే ఆగిపోతుంది. నొప్పి ఉండదు.

ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆగిపోవడం ఈ జబ్బు గుణం. మజ్జిగ తాగినా ఆగుతుంది, తాగకపోయినా ఆగుతుంది. ఇంజెక్షన్ వేసినా ఆగుతుంది, వేయకపోయినా ఆగుతుంది. కానీ ఆగిన రోజు ఏం ఇచ్చామో దానికి పేరొస్తుంది. ఆ పేరు నమ్ముకుని మళ్లీ ఆరు నెలలు కూర్చుంటాం. లోపల పుట్టగొడుగు మాత్రం కూర్చోదు, వేరు దింపుతుంది.

ప్రపంచంలో 2022 లో ఈ క్యాన్సర్ కొత్తగా 6 లక్షల మందికి పైగా వచ్చిందని, 2 లక్షల 20 వేల మంది దాకా చనిపోయారని అంచనా. మగవాళ్లలో ఎక్కువ. 55 ఏళ్లు దాటినవాళ్లలో ఎక్కువ. అలాగని ఆడవాళ్లకి రాదని కాదు, చిన్నవాళ్లకి అసలు రాదని కాదు.

ఇప్పుడు గుర్తులు చెప్తాను.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మూత్రంలో రక్తం. లేత గులాబీ రంగు కావచ్చు, ఎర్రగా ఉండొచ్చు, కషాయం రంగులో ఉండొచ్చు. చిన్న చిన్న గడ్డలు పడొచ్చు. నొప్పి లేకుండా రావడం మంచి గుర్తు అనుకోకండి. నొప్పి లేని ఎరుపుకే ఎక్కువ జాగ్రత్త పడాలి. ఒక్కసారి వచ్చి ఏడాది దాకా రాకపోయినా అది లెక్కలోకి వస్తుంది.

రెండోది, మాటిమాటికీ ఒంటికి రావడం, ఆపుకోలేకపోవడం, మంట, రాత్రి నాలుగైదుసార్లు లేవడం. ఇవి మామూలు ఇన్ఫెక్షన్లో కూడా ఉంటాయి. నిజం. కానీ మాత్రలు వాడాక కూడా తగ్గకపోతే, తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, అది ఇన్ఫెక్షనేనని ఊహించుకుని ఇంకో స్ట్రిప్పు కొనొద్దు.

మూడోది, ధార సరిగ్గా రాకపోవడం, ఇంకా ఉన్నట్టే అనిపించడం, ఉన్నట్టుండి ఆగిపోవడం.

నడుముకి ఒక పక్క నొప్పి, కాళ్ల వాపు, ఎముకల నొప్పి, తిండి సయించకపోవడం, మనిషి సగమైపోవడం... ఇవి ముందు గుర్తులు కావు. చాలావరకు ఇవి ఆలస్యమైన గుర్తులు. మనం ఆసుపత్రికి వెళ్లేది వీటికే. అక్కడే మోసపోతున్నాం.

ఒక మాట అడుగుతాను. మన పెద్దవాళ్లు ఒంటికి ఎక్కడికి వెళ్తారు? గట్టు మీదికి, చెట్టు చాటుకి, చీకటితో. ఎర్రమట్టి మీద ఎర్రరంగు ఏం కనపడుతుంది? మట్టి పీల్చేసుకుంటుంది. ఆడవాళ్లు చీకటి పడ్డాకే వెళ్తారు, వాళ్లకి అసలే కనపడదు. తెల్ల కమోడు ఉన్న పట్నం వాళ్లకి మొదటి రోజే తెలిసేది మనకి నెలల తర్వాత గాని తెలీదు. అందుకే అనుమానం ఉన్నవాళ్లు ఒక పని చేయండి. ఖాళీ నీళ్లసీసా ఒకటి పైన కోసి, అందులో పోసి వెలుగులో చూడండి. రంగు మారి ఉంటే ఫోనుతో ఫొటో తీసి, తారీఖు రాసి పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్లే రోజుకి ఆగిపోయి ఉండొచ్చు కదా, అప్పుడు ఆ ఫొటో మన సాక్ష్యం.

ఎరుపు కనపడిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ కాదు. భయపెట్టడానికి నేను రాలేదు. చాలామందికి ఇన్ఫెక్షన్ ఉంటుంది, రాళ్లు ఉంటాయి, వయసు మళ్లిన మగవాళ్లకి ప్రోస్టేట్ గ్రంథి వాపు ఉంటుంది. ఇంకా మన ఏజెన్సీలో ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినవి మూడున్నాయి.

ఒకటి, టీబీ మందులు. అందులో రిఫాంపిసిన్ అనే మందు వాడినన్నాళ్లూ మూత్రం నారింజ-ఎరుపు రంగులో వస్తుంది. అది రక్తం కాదు. దానికి భయపడి టీబీ మాత్రలు మాత్రం ఆపొద్దు.

రెండు, మలేరియా. జ్వరంతో పాటు మూత్రం నల్లగా, కాఫీ డికాషన్‌లా వస్తే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. తెల్లారేదాకా ఆగొద్దు. అదే గంటలో బయల్దేరాలి.

మూడు, సికిల్ సెల్. 2023 జూలై 1న దేశమంతా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మన ఊళ్లలో రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకే కాదు, ఒక్క జన్యువు మాత్రమే ఉండి ఆరోగ్యంగా కనిపించే వాళ్లకి కూడా ఒక్కోసారి మూత్రంలో రక్తం పడుతుంది. చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. కానీ ‘నీకు సికిల్ ఉంది, దాని వల్లేలే’ అని పరీక్ష చేయకుండా పంపేస్తే ఒప్పుకోకండి. అలాంటి వాళ్లలో, అదీ మన వయసు వాళ్లలో, చాలా అరుదుగా మూత్రపిండంలో ఒక మొండి క్యాన్సర్ వస్తుంది. కాబట్టి కార్డు చూపించండి, స్కానింగ్ కూడా అడగండి.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. అక్కకి ఎరుపు కనపడితే నెలసరి అనుకుంటారు. నెలసరి ఆగిపోయిన పెద్దమ్మకి కనపడితే గర్భసంచి అనుకుంటారు. మంట ఉంటే ఇన్ఫెక్షన్ అని మాత్రలు ఇచ్చి పంపుతారు. చివరికి మూత్రాశయం సంగతి ఎవరికీ గుర్తు రాదు. అందుకే ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ తరచుగా ఆలస్యంగా బయటపడుతుంది. నెలసరి ఆగిపోయాక ఏ రక్తం కనపడినా, ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా వదలొద్దు. అది గర్భసంచి నుంచి అయినా సరే చూపించుకోవాల్సిందే.

ఎందుకొస్తుంది ఇది? అన్నిటికన్నా పెద్ద కారణం పొగ. పొగ ఊపిరితిత్తులకే కదా తగిలేది, మూత్రం సంచికి ఏం సంబంధం అని మా మామ కూడా అడిగాడు. పొగలో ఉన్న విషం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళ్తుంది. మూత్రపిండాలు దాన్ని వడకట్టి సంచిలోకి పంపుతాయి. అది అక్కడ గంటల తరబడి నిలవ ఉంటుంది, లోపలి పొరని తడుపుతూ. రోజూ, ముప్ఫై నలభై ఏళ్లు. ఈ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగే కారణమని లెక్క. బీడీ అయినా, సిగరెట్ అయినా, చుట్ట అయినా పొగ పొగే. మన వైపు అమ్మమ్మలు చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అడ్డపొగ అంగిలికి క్యాన్సర్ తెస్తుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నారు. పొగ ఆడ మగ తేడా చూడదు. మానేస్తే ప్రమాదం ఏడాది ఏడాదికీ తగ్గుతుంది. ఏ వయసులో మానేసినా లాభమే.

రెండో కారణం కొన్ని రసాయనాలు. 1895 లోనే జర్మనీలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్, రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులకి ఈ జబ్బు వస్తోందని కనిపెట్టాడు. అద్దకం రంగులు, రబ్బరు, తోలు, పెయింట్ పనుల్లో వాడిన కొన్ని రసాయనాలకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని తర్వాత తేలింది. మన తమ్ముళ్లు వలసపోయి చేసేది ఇలాంటి పనులే. ఏ డ్రమ్ములో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పరు. అడగండి. చేతి తొడుగులు, మాస్కు అడగండి. ఎక్కడ, ఎన్నాళ్లు, ఏ పని చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. గుర్తింపు కార్డు, జీతం చీటీ పారేయొద్దు. ఈ జబ్బు పని మానేసిన ఇరవై ఏళ్లకి కూడా బయటపడొచ్చు. అప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ‘ఏం పని చేశావు’ అనే.

సరే, ఎరుపు కనపడింది. ఏం చెయ్యాలి?

ముందు పీహెచ్‌సీకి వెళ్లండి. మూత్ర పరీక్ష చేయించండి. కంటికి కనపడని రక్తం కూడా మైక్రోస్కోపులో కనపడుతుంది. ఇన్ఫెక్షన్ ఉందంటే మందులు వాడండి, పూర్తిగా వాడండి. వాడాక మళ్లీ మూత్ర పరీక్ష చేయించండి. ఈ రెండో పరీక్ష ఎవరూ చేయించరు, మీరు అడిగి చేయించండి. ఇన్ఫెక్షన్ లేకుండా రక్తం ఉన్నా, తగ్గాక మళ్లీ ఉన్నా, కంటికి కనపడేంత ఎరుపు వచ్చినా, యూరాలజీ డాక్టరుకి రాసివ్వమని అడగండి. నోటిమాట వద్దు, కాగితం మీద రాసివ్వాలి. రోగి నలభై దాటినవాళ్లయితే, పొగ తాగేవాళ్లయితే ఆ సంగతి గట్టిగా చెప్పండి.

పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీస్తారు. స్కానింగ్‌లో ఏం లేదన్నా అక్కడితో అయిపోదు, చిన్న గడ్డలు అందులో తప్పించుకోవచ్చు. అసలు పరీక్ష సిస్టోస్కోపీ. సన్నటి గొట్టానికి కెమెరా ఉంటుంది. మత్తు జెల్ రాసి మూత్రం వచ్చే దారిలోంచే లోపలికి పంపి చూస్తారు. ఇబ్బందిగా ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ మామూలుగా కొద్ది నిమిషాల పని.

ఇప్పుడు మంచి మాట. ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురికి, కండలోకి దిగకముందే బయటపడుతుందని పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నాయి. ఆ దశలో కడుపు కోయనక్కర్లేదు. మూత్రం దారిలోంచే పరికరం పంపి గడ్డని గీకి తీసేస్తారు. మళ్లీ రాకుండా కొందరికి సంచిలోకి మందు ఎక్కిస్తారు. ఆ మందు పేరు వింటే ఆశ్చర్యపోతారు: బీసీజీ. అవును, పుట్టిన బిడ్డలకి టీబీ రాకుండా వేసే టీకాలోని మందే. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ అనే డాక్టరు దీనితో మంచి ఫలితం వచ్చిందని ప్రకటించారు. ఇప్పటికీ అదే వాడుతున్నారు. మామూలుగా వారానికి ఒకసారి, ఆరు వారాలు.

కానీ పుట్టగొడుగు మాట మర్చిపోకండి. ఒకటి కోసేస్తే అదే మొద్దు మీద ఇంకోచోట లేస్తుంది. ఈ క్యాన్సర్ కూడా మళ్లీ మళ్లీ వచ్చే రకం. అందుకే మొదట్లో మూడు నెలలకోసారి, తర్వాత డాక్టరు చెప్పినట్టు, ఏళ్ల తరబడి చూపించుకోవాలి. ‘బాగానే ఉన్నాను కదా, ఛార్జీలు దండగ’ అని మానేస్తే మొదటికి వస్తుంది.

కండలోకి దిగాక వైద్యం పెద్దదవుతుంది. చాలామందికి సంచి మొత్తం తీసేసి, పొట్ట మీద దారి పెట్టి బయట బ్యాగు తగిలించాల్సి వస్తుంది. కీమో, రేడియేషన్ అవసరం కావచ్చు. అలా బతుకుతున్నవాళ్లు కూడా ఉన్నారు. కానీ మొదటి ఎరుపు రోజునే వెళ్తే ఇంత దూరం రాకపోవచ్చు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ అని మనందరికీ అలవాటైన పథకం, ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ. క్యాన్సర్ వైద్యం దాని కిందకి వస్తుంది. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు, రాసిచ్చిన కాగితం, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గర కూర్చునేవాళ్లని అడగండి.

ఇవన్నీ చెప్పడం తేలిక, నాకు తెలుసు. మామ రెండోసారి ఎరుపు చూసినప్పుడు పీహెచ్‌సీకి ఎందుకు వెళ్లలేదు? కొండ దిగి ఎక్కడానికి ఒక రోజు పోతుంది. వెళ్తే డాక్టరు ఉంటాడో లేదో తెలీదు. తెలుగు సరిగ్గా రాదని, మాట్లాడితే కసురుతారని భయం. సంతలో ఇంజెక్షన్ వేసేవాడు మన భాషలో పలకరిస్తాడు, అప్పు కూడా పెడతాడు. మనవాళ్లు అమాయకులని, మూఢనమ్మకమని బయటివాళ్లు రాస్తారు. నేను ఒప్పుకోను. రోడ్డు లేకపోవడం మూఢనమ్మకం కాదు. డాక్టరు కుర్చీ ఖాళీగా ఉండటం మన అమాయకత్వం కాదు. దాని కోసం మనం కొట్లాడుతూనే ఉంటాం. కానీ రోడ్డు వచ్చేదాకా జబ్బు ఆగదు. కాబట్టి ఈలోపు మన చేతిలో ఉన్నది మనం చెయ్యాలి.

మా మండలంలో మేం మూడు అనుకున్నాం. మీ దగ్గర కూడా చెయ్యొచ్చు. ఊరికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండాలి, మగవాళ్లు అబ్బాయికి, ఆడవాళ్లు అమ్మాయికి సిగ్గు లేకుండా చెప్పుకునేలా. ఎవరు చెప్పినా బయట అనకూడదు. ఎవరికైనా ఎరుపు కనపడితే వారంలోపు పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి, మన భాషలో విని తెలుగులో డాక్టరుకి చెప్పాలి. ఆశా అక్కని కలుపుకోవాలి. మూడోది, తిరిగి చూపించుకోవాల్సిన తారీఖు మన ఫోనులో పెట్టుకుని మనమే గుర్తు చెయ్యాలి.

చివరిగా ఒక మాట. ఈ ఏడాది కోతల తర్వాత మా పక్క ఊరి పెద్దాయన ఒకాయన నన్ను దారిలో ఆపాడు. అటూ ఇటూ చూసి, ‘అమ్మీ, నాకు కూడా మీ మామకి లాగే...’ అని ఆగిపోయాడు. మామ సంగతి నేను ఊరూరా చెప్తున్నానని ఆయనకి తెలుసు. మూడో రోజుకి పాడేరులో ఉన్నాం, నెల తిరిగేలోపు విశాఖలో. చిన్న గడ్డ, కండలోకి దిగలేదు, గీకి తీసేశారు. మొన్న మూడు నెలల పరీక్షకి నేనే తోడెళ్లాను. కొత్తగా ఏం లేదన్నారు. బస్సులో వస్తూ జేబులోంచి చుట్ట తీశాడు. నా మొహం చూశాడు. మళ్లీ జేబులో పెట్టేశాడు. ఇంకా పూర్తిగా మానలేదు, అది మా ఇద్దరి మధ్యా నడుస్తున్న తగువు.

మా మామ కూడా ఆగి నాతో చెప్పాడు, మా అత్త నోటితో. ఆరోజు నాకు తెలీదు. ఈరోజు మీకు తెలుసు.

ఈ రాత్రి ఇంటికెళ్లి అన్నం తిన్నాక, మీ నాన్నని, తాతని, అమ్మమ్మని అడగండి. ‘ఒంటికి ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా?’ అని. సిగ్గుపడతారు, కసురుకుంటారు. ఇంకోసారి అడగండి. ‘ఒక్కసారి వచ్చి తగ్గిపోయిందిలే’ అంటే, మజ్జిగ ఇవ్వకండి. పొద్దున్నే బయల్దేరదీయండి.

జై ఆదివాసీ. జోహార్.